కొత్త బిచ్చగాడు పొద్దెరగడు: తొలి సంతకాలలో నిలిచినవేవి, నీరుగారినవేవి?

తుంగభద్ర తీరం:

కొత్తగా అధికారంలోకి వచ్చినవారి ఉత్సాహాన్ని చూసినప్పుడల్లా మనవాళ్లు "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అనేస్తారు. కొత్తగా జోలె తగిలించుకున్నవాడు వేళాపాళా లేకుండా ప్రతి గడపా తొక్కినట్టు, కొత్తగా కుర్చీ ఎక్కినవారు మొదటి నెలల్లో పగలనక రాత్రనక ఉత్తర్వులు ఇస్తారని, ఆ ఊపు మూడునాళ్ల ముచ్చటేనని అందులోని ఎకసక్కెం. అదే నోటితో "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అని కూడా అంటాం కనుక, ఏది నిజమో తేల్చుకోవడానికి సామెతలు చాలవు, దాఖలాలు కావాలి. దాఖలాలకు మన దగ్గర కొరత లేదు. ప్రమాణ స్వీకార వేదిక మీదనే ఏదో ఒక ఫైలు తెప్పించుకుని తొలి సంతకం చేయడం మన ముఖ్యమంత్రులకు ఆనవాయితీ అయిపోయింది. ఆ సంతకాలూ, తొలి రోజుల్లో తీసుకున్న ఇతర పెద్ద నిర్ణయాలూ తరవాత ఏమయ్యాయో ఈ చర్చావేదికలో తలా ఒకటి చెప్పుకుంటే బాగుంటుందని నా కోరిక. పార్టీల జిందాబాద్‌లకు ఇక్కడ తావు లేదు. నిర్ణయం ఏమిటి, దాని గతి ఏమైంది అన్నంతవరకే రాయమని మనవి.

నల్లబల్ల:

నెల్లూరు జిల్లావాడిని కనుక మద్యనిషేధంతో మొదలుపెడతాను. 1994 డిసెంబరు 12న ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు రావడం, ఖజానాకు గండి పడడం, ఈలోగా ముఖ్యమంత్రే మారిపోవడం జరిగి, 1997లో దాన్ని ఎత్తేశారు. ఇంతవరకే చూస్తే సామెత అక్షరాలా నిజమనిపిస్తుంది.

అయితే ఈ కథకు ముందుభాగం ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. 1992లో మా జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. అక్కడినుంచి ఊరూరా పాకిన ఆ ఉద్యమం జిల్లా కేంద్రంలో సారా వేలంపాటలే సాగనివ్వని స్థితికి చేరింది. సారాను 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధించిన కోట్ల విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వానికి దానిమీద ప్రత్యేకమైన మమకారమేమీ లేదు. మరో దారి లేక చేసింది. గమ్మత్తేమిటంటే, వేదిక మీద వేల జనం చప్పట్ల మధ్య సంతకమైన సంపూర్ణ నిషేధం రెండేళ్లు దాటగానే పోయింది కానీ, ఏ ఆర్భాటమూ లేకుండా తప్పనిసరై వచ్చిన సారా నిషేధం ఈనాటికీ రెండు రాష్ట్రాలలోనూ చట్టంలో ఉంది. దొంగచాటున నాటుసారా కాచేవారు లేరని నేననడం లేదు. ప్రభుత్వమే పాటపెట్టి సారా అమ్మించే రోజులు మాత్రం తిరిగి రాలేదు. అదే రామారావు గారి ప్రభుత్వం 1980లలో "వారుణి వాహిని" పేరుతో సారాను పొట్లాలలో ఊళ్లకు అందించిందన్న సంగతి కూడా గుర్తుంచుకుంటే, నాయకుడు కొత్తవాడా పాతవాడా అన్నదానికన్నా, ఆ పనిని ఎవరు పట్టుబట్టి చేయించారన్నదే ముఖ్యమని తోస్తుంది.

చేనుగట్టు:

నల్లబల్ల మాస్టారు చెప్పినది బాగుంది కానీ, పైనుంచి వచ్చి పాతుకుపోయినవీ ఉన్నాయి. 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసి, వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు. ఆ తరవాత ఎందరు ముఖ్యమంత్రులు మారారో, రాష్ట్రమే రెండయిందో అందరికీ తెలుసు. ఆ ఒక్క నిర్ణయాన్ని తాకడానికి ఎవరూ సాహసించలేదు. సరికదా, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల సరఫరా మొదలైంది. ఎందుకు నిలిచిందంటే, మరుసటి నెల నుంచే రైతు ఇంటికి బిల్లు రావడం మానేసింది. ఒకసారి రాకుండా పోయిన బిల్లును మళ్లీ పంపించే ధైర్యం ఏ నాయకుడికి ఉంటుంది?

అది మంచికే నిలిచిందా అంటే నా జవాబు అంత తేలిక కాదు. మాది వరంగల్ వైపు బోర్ల సేద్యం. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, రాత్రిపూట పొలానికి పోయి పాముకాటుకు, షాకుకు బలి కాకూడదని రైతులందరూ మోటార్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు వచ్చిందంటే చాలు, మనిషి లేకుండానే మోటారు నడుస్తుంది. మడి నిండి నీళ్లు గట్టు తెంచుకుని బాటమీద పారినా ఆపేవాడు ఉండడు. ఇరవైనాలుగు గంటల సరఫరా వచ్చే ముందు, ఆ స్టార్టర్లను తీసేయమని స్వయంగా ముఖ్యమంత్రే రైతులను కోరవలసి వచ్చింది. కొందరం తీశాం, కొందరు తీయలేదు. బోరును ఇంకా లోతుకు దించాల్సి వచ్చిన ప్రతి ఎండాకాలంలోనూ నాకు ఆ స్టార్టరు డబ్బాయే గుర్తొస్తుంది.

తులాభారం:

న్యాయవాద వృత్తిలో ఉన్నవాడిగా, సామెతకు అచ్చంగా సరిపోయే ఉదాహరణ ఒకటి చెబుతాను. అది వేదిక మీది సంతకం కాదు కానీ తొలి రోజులదే. రామారావు గారు మొదటిసారి 1983 జనవరి 9న ప్రమాణం చేశారు. ఇంకా రెండు నెలలు నిండకుండానే ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించారు. 1983 ఫిబ్రవరి 28న వేలమంది ఉద్యోగులు, పిల్లల పెళ్లిళ్లకో ఇంటి అప్పుకో ఇంకా మూడేళ్ల జీతం ఉంటుందన్న లెక్కతో ఉన్నవారు, ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. యువతకు ఉద్యోగాలు ఇవ్వడానికే ఈ పని అన్నది ప్రభుత్వ వాదన. 1984 ఆగస్టులో, ప్రభుత్వం చేతులు మారిన ఆ సంక్షోభ మాసంలోనే, వయస్సును తిరిగి 58కి పెంచారు. అయితే ఆ ఏడాదిన్నర నడుమ ఇంటికి పోయినవారికి ఆ పెంపు వర్తించదన్నారు.

చిత్రమేమిటంటే, వయస్సు తగ్గించడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1985 జనవరిలో కె.నాగరాజ్ కేసులో తీర్పు ఇచ్చేనాటికే ఆ తగ్గింపు రద్దయిపోయి ఉంది. అదే ఏడాది బి.ప్రభాకరరావు కేసులో, మధ్యలో నష్టపోయినవారిని మినహాయించడం చెల్లదని అదే కోర్టు తేల్చింది. అధికారం ఉందా అంటే ఉంది, చట్టం ఒప్పుకుందా అంటే ఒప్పుకుంది; అయినా ఏడాదిన్నర నిలవలేదు. పొద్దెరగకపోవడమంటే నా దృష్టిలో ఇదే: చేయవచ్చా అని అడిగారే తప్ప, ఈ రోజే చేయాలా, కొందరికి గడువు ఇవ్వాలా అన్న ప్రశ్న వేసుకోలేదు. తరవాతి కాలంలో రెండు రాష్ట్రాలూ విరమణ వయస్సును పెంచుకుంటూ పోయాయే కానీ, తగ్గించే ఊసు ఎవరూ ఎత్తలేదు.

పాత అడంగల్:

రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవాడిని. అదే ప్రభుత్వం చేసిన మరో పనిని తులాభారం గారు వదిలేశారు. 1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులన్నిటినీ రద్దు చేశారు. తరతరాలుగా ఒకే కుటుంబాల చేతుల్లో ఉండిపోయిన గ్రామాధికారం అది. దాన్ని కూడా సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పట్లో నేను కోస్తాలోని ఒక తాలూకా కచేరీలో జూనియర్ అసిస్టెంటును. ఊళ్ల నుంచి లెక్కలు స్వాధీనం చేసుకోవడం మా పని.

ఆ స్వాధీనం ఎలా జరిగిందో ఇప్పటివారికి తెలియదు కనుక కాస్త వివరంగా రాస్తాను. ఒక్కో ఊరి నుంచి చెక్కపెట్టెలు, గుడ్డ మూటలు వచ్చేవి. వాటిలో ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఏటేటి అడంగళ్లు, రైతువారీ ఖాతాలు రాసిన పదో నంబరు లెక్క, డైగ్లాటు అనే రెండు భాషల భూముల రిజిస్టరు, గుడ్డమీద అతికించిన గ్రామపటం, సర్వే నంబర్ల కొలతల పుస్తకం ఉండాలి. జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు కొట్టుకుంటూ పోతే, కొన్ని ఊళ్ల పెట్టెల్లో అన్నీ ఉండేవి, కొన్నిటిలో చెదలు తిన్న కట్టలు ఉండేవి, కొన్నిటిలో తగాదా ఉన్న సర్వే నంబరు పుట మాత్రమే కనబడేది కాదు. పోరంబోకు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కాగితం మీద కన్నా కరణం గారి బుర్రలోనే ఎక్కువ భద్రంగా ఉండేది. కొత్తగా నియమితులైన గ్రామోద్యోగులు పగలు కచేరీకి వచ్చి, సాయంత్రం అదే కరణం గారి అరుగు మీద కూర్చుని లెక్క రాయడం నేర్చుకునేవారు. పదవి పోయిన పెద్దమనిషి కొత్త కుర్రాడికి అడంగల్‌లో గడులు చూపిస్తూ, "నాయనా, ఇక్కడ శిస్తు రాయాలి, ఇక్కడ నీటితీరువా రాయాలి" అని చెబుతుంటే విన్నాను.

కనుక మర్నాడే అంతా మారిపోయిందని నేను చెప్పను. లంచం పోయిందనీ చెప్పను. కానీ వారసత్వం పోయింది, మళ్లీ రాలేదు. తండ్రి కరణమైతే కొడుకు కరణమయ్యే దారి మూసుకుపోయాక, ఆ కుర్చీలో పూర్వం ఊహించనైనా ఊహించని కులాలవారు, ఆడవాళ్లు కూర్చున్నారు. తరవాత ఎన్నో ప్రభుత్వాలు వచ్చి ఆ ఉద్యోగానికి పేరు మార్చాయి; గ్రామ పాలనాధికారి అన్నాయి, పంచాయతీ కార్యదర్శిలో కలిపాయి, మళ్లీ విడదీసి వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) అన్నాయి. ఒక్కరు కూడా దాన్ని వంశానికి అప్పగిస్తామనలేదు. అదే చేత్తో, అదే కాలంలో, అంతే తొందరగా చేసిన రెండు పనుల్లో ఒకటి ఏడాదిన్నరకు పోయి మరొకటి శాశ్వతంగా నిలిచిందంటే, తొందర ఒక్కటే దోషమనుకోవడం పొరపాటని నా అభిప్రాయం.

దూరపు చుట్టం:

డాలస్ నుంచి రాస్తున్నాను. మీరంతా ముఖ్యమంత్రుల దగ్గరే ఆగిపోయారు. ఒక్క అధికారి మారితే వ్యవస్థ మారుతుందనడానికి టి.ఎన్.శేషన్ గారు చాలరా? 1990 డిసెంబరులో ఆయన ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యేవరకు ప్రవర్తనా నియమావళి అన్నది ఒకటుందని సామాన్యుడికి తెలియదు. గోడల మీద రాతలు, రాత్రంతా మైకులు ఆయన హయాంలోనే తగ్గాయి, ఓటరు గుర్తింపు కార్డూ అప్పుడే వచ్చింది. ఈ సామెతను నమ్మినవాళ్లు ఆయన్ను కూడా కొత్త బిచ్చగాడనే అనుకుని ఉంటారు.

పాత అడంగల్:

దూరపు చుట్టం గారు, ఎన్నికల విధుల్లో చాలాసార్లు పనిచేశాను కనుక ఆ తేడా కళ్లారా చూసినవాడినే. పోలింగుకు ముందురోజు సామగ్రి తీసుకునేచోట మాకు ఇచ్చే సూచనల పుస్తకం అంతకుముందూ ఉండేది. దాన్ని చదివి రమ్మని గట్టిగా చెప్పేవారు మాత్రం ఉండేవారు కారు. శేషన్ గారు కొత్త చట్టం ఏదీ తేలేదు, ఉన్న అధికారాన్నే వాడారు. దాన్ని వాడనివ్వకూడదనుకున్నవారు 1993లో మరో ఇద్దరు కమిషనర్లను నియమించారు. వారిలో జి.వి.జి.కృష్ణమూర్తి గారు మన తెలుగువారే. ముగ్గురి కమిషన్ సరైనదేనని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. శేషన్ గారు వెళ్లిపోయాక ఆ దూకుడు తగ్గినా, ఫొటో ఉన్న కార్డు ప్రతి ఇంట్లో మిగిలింది. చేనుగట్టు గారి బిల్లు సంగతి లాంటిదే ఇదీ: జనం చేతికి ఒక వస్తువు అందాక దాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం.

చేనుగట్టు:

అయ్యా, మీరు 1984 పెట్టెల గురించి రాసింది చదివితే నాకు 2020 సెప్టెంబరు 7 కళ్లముందు కదిలింది. తెలంగాణలో వీఆర్వో పదవులను రద్దు చేస్తూ, ఆ ఒక్కరోజులోనే రికార్డులన్నీ తహశీల్దారుకు అప్పగించమన్నారు. మా మండల కార్యాలయం మెట్ల మీద పహాణీ (మా వైపు అడంగల్‌కు పేరు) కట్టలు భుజాన పెట్టుకుని వీఆర్వోలు వరుసగా నిలబడ్డారు. అక్టోబరు 29న భూముల రికార్డులకు ధరణి అనే ఆన్‌లైన్ పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషను, మ్యుటేషను (రికార్డులో పేరు మార్పిడి) ఒకే రోజున తహశీల్దారు దగ్గరే పూర్తయ్యే ఏర్పాటు నిజంగా మంచిదని ఇప్పటికీ అంటాను. ఏ తగాదా లేని భూమి అమ్ముకున్న మా పాలివాళ్లు, మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని ఇంటికొచ్చి భోజనం చేశారు.

చిక్కంతా తప్పు పడినవాళ్లదే. 2017 రికార్డుల ప్రక్షాళనలో తగాదా ఉన్నదని పార్ట్-బిలో పెట్టిన భూములకు పాసుబుక్కు రాలేదు. ఒక గుంట తక్కువ పడినా, పేరులో ఒక అక్షరం తారుమారైనా, సరిచేసే అధికారం కింద ఎవరికీ లేకుండా పోయింది. ఊళ్లో అడగడానికి వీఆర్వో లేడు. తహశీల్దారును అడిగితే తన లాగిన్‌లో ఆ ఆప్షను లేదన్నారు. తప్పుచేసే మనిషిని తీసేస్తే తప్పులు పోతాయనుకున్నారు కానీ, తప్పును దిద్దే మనిషి కూడా ఆ మనిషేనన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తులాభారం:

దానికి చట్టపరమైన కారణం ఉంది. 2020 చట్టంతో రెవెన్యూ కోర్టులను ఎత్తేశారు. అంతకుముందు ఆర్డీవో ముందో, జాయింట్ కలెక్టరు ముందో అప్పీలు చేసుకునే రైతు ఇక సివిల్ కోర్టుకు పోవాలి. స్టాంపు, వకీలు ఫీజు, వాయిదాలు కలిసి భూమి విలువలో ఎంత తినేస్తాయో నా వృత్తివారికి చెప్పనక్కరలేదు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం ఆ అప్పీళ్ల మెట్లను మళ్లీ కట్టింది. అంటే ఒక ప్రభుత్వం కొత్తదనమని తీసేసినదాన్ని, తరవాతి ప్రభుత్వం కొత్తదనమని తిరిగి తెచ్చింది.

తుంగభద్ర తీరం:

మా వైపు కూడా ఇదే వరస. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. శతాబ్దం నాటి కొలతల మీద బతుకుతున్న రాష్ట్రానికి ఆ పని అత్యవసరమని సర్వే తెలిసినవాళ్లంతా ఒప్పుకున్నారు. అయితే హద్దురాళ్ల మీద పథకం పేరుతో పాటు నాటి ముఖ్యమంత్రి పేరు చెక్కించారు, పాసుపుస్తకం అట్టమీద ఆయన బొమ్మ వేయించారు. 2024 జూన్ 13న బాధ్యతలు చేపట్టిన చంద్రబాబు నాయుడు గారు మొదటి సంతకం మెగా డీఎస్సీ మీద, రెండో సంతకం భూహక్కుల చట్టం రద్దు మీద చేశారు. బొమ్మ ఉన్న పాసుపుస్తకాల స్థానంలో రాజముద్ర ఉన్నవి ఇవ్వాలన్నారు, రాళ్ల మీది పేర్లు చెరిపించే ఏర్పాటూ చేశారు. రీసర్వేను మాత్రం వదిలేయలేదు. పేరు చెక్కించుకున్న ఖర్చూ, చెరిపించిన ఖర్చూ రెండూ మన ఖాతాలోవే. నా పాసుపుస్తకంలో విస్తీర్ణం సరిగ్గా ఉందా లేదా అన్నదే నాకు కావాలి. అట్టమీద ఎవరున్నారన్నది కాదు.

నల్లబల్ల:

రెండు రూపాయల కిలో బియ్యం కథ కూడా ఈ కోవలోనిదే కనుక రెండు మాటల్లో చెప్పేస్తాను. 1983లో మొదలైన ఆ ధర 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్లీ రెండుకు వచ్చింది, 2011లో ఒక రూపాయి అయింది. వచ్చినవారల్లా అంకె మార్చారు, రేషను కార్డును మాత్రం ఎవరూ తీయలేదు.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలని ఉంది. నిలిచినదల్లా మంచిదన్నట్టుగా మన చర్చ సాగుతోంది. ఉచిత విద్యుత్తు నిలిచింది, నీళ్లు అడుగంటాయని చేనుగట్టు గారే రాశారు. మద్యనిషేధం నిలవలేదు, కానీ ఆ రెండేళ్లలో మా ఊళ్లో కూలిడబ్బులు ఇంటికి చేరాయని చెప్పే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. తరవాతివారు తీసేయడానికి భయపడ్డారా లేదా అన్నది నాయకుల లెక్క. మన లెక్క వేరుగా ఉండాలి.

పాత అడంగల్:

మాస్టారితో సగం ఏకీభవిస్తాను. నిలవడం మంచితనానికి కొలబద్ద కాదన్న మాట నిజమే. కానీ నిలవని మంచి వలన కలిగే నష్టం కూడా తక్కువది కాదు. ఒక పద్ధతికి జనం అలవాటుపడే లోపే అది మారిపోతే, లాభపడేది ఊళ్లో నాలుగు పద్ధతులూ తెలిసిన మధ్యవర్తి. కరణం పోయినప్పుడూ వాడు బాగుపడ్డాడు, వీఆర్వో పోయినప్పుడూ బాగుపడ్డాడు. తహశీల్దారు కార్యాలయం ఎదుట జిరాక్సు సెంటరు వైపు ఒక్కసారి చూడండి. ఏ ప్రభుత్వం వచ్చినా అక్కడ గిరాకీ పెరుగుతుందే కానీ తగ్గదు.

దూరపు చుట్టం:

చర్చను పక్కదారి పట్టించడం నా ఉద్దేశం కాదు; మీరు చెబుతున్నది నా విషయంలోనే జరుగుతోంది. మా నాన్నగారి పేరిట ఉన్న కొంత భూమి పార్ట్-బిలో ఉండిపోయింది. మండల కార్యాలయం పేరు చెప్పను కానీ, ప్రతి మార్పు తరవాతా మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టమన్నారు. ఇప్పుడు గ్రామ పాలన అధికారులు వచ్చారంటున్నారు. వాళ్ల వలన పని జరుగుతుందా?

చేనుగట్టు:

2025 సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చారు, మా ఊరికీ ఒకరు వచ్చారు. పూర్వపు వీఆర్వోలు, వీఆర్ఏలలో (గ్రామ రెవెన్యూ సహాయకులలో) పరీక్ష పాసైనవారినే తీసుకున్నారు కనుక, మాకు వచ్చినాయన పక్క మండలంలో మునుపు వీఆర్వోగా చేసినవారే. మధ్యలో ఆ ఉద్యోగులను లాటరీ తీసి వేరే వేరే శాఖలకు పంపారు కదా, ఈయన అలా ఎక్కడో గుమాస్తా పని చేసి వచ్చారు. పహాణీ చదవడం తెలుసు, పొలాల మీద తిరగడం తెలుసు. మా ఊరివాళ్లు ఆయన్ను ఇంకా వీఆర్వో సారనే పిలుస్తున్నారు.

పాత అడంగల్:

దూరపు చుట్టం గారు, మీరు ఉన్నచోటి నుంచే చేయగలిగినది చెబుతాను. ముందుగా 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత మూల రికార్డు, ఆ తరవాత తగాదా మొదలైన ఏడాదికి అటూ ఇటూ ఉన్న పహాణీల నకళ్లకు, మీ తరఫున జీపీఏ (పనులు చేసే అధికారమిచ్చే పత్రం) ఉన్నవారి చేత దరఖాస్తు పెట్టించండి. ఏ సంవత్సరంలో మీ నాన్నగారి పేరు పోయిందో, లేక విస్తీర్ణం తగ్గిందో ఆ వరసలోనే తెలుస్తుంది. ఆ పుట దొరికాకనే తహశీల్దారుకు దరఖాస్తు చేయండి. దొరకకముందు చేస్తే మళ్లీ తిరస్కరిస్తారు. తిరస్కరిస్తే కారణం రాసి ఇమ్మని అడగండి, అది లేకుండా అప్పీలు నిలవదు.

తులాభారం:

ఆ కారణం రాసిన కాగితం మీద తేదీ ఉందో లేదో కూడా చూసుకోండి. అప్పీలు గడువు అక్కడినుంచే లెక్కిస్తారు. జీపీఏను అమెరికాలో రాయిస్తే భారత కాన్సులేటులో ధ్రువీకరించుకుని, ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి. చాలామంది ఎన్నారైల అర్జీలు ఈ ఒక్క లోపం దగ్గరే ఆగిపోతున్నాయి.